వెనక స్ప్రింగు లేని సైకిల్

కొండ మీద,
వాతావరణ కేంద్రం క్వార్టర్స్

వదినకి,

వచ్చి చేరాను. ఇక్కడ ఫోన్ పనిచెయ్యదు. వారానికొకసారి జీపు వస్తుంది, సరుకులూ ఉత్తరాలూ తెచ్చి పడేసి పోతుంది. కాబట్టి ఇకనుంచి మన కబుర్లన్నీ కాగితం మీదే. అన్నయ్య ఉత్తరం రాసే మనిషి కాదు, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వే రాయాలి.

గది బాగుంది. కిటికీ తీస్తే మబ్బు నేరుగా లోపలికొచ్చి మంచం మీద కూర్చుంటుంది. పని కూడా నచ్చింది. గాలి ఎటు వీస్తోంది, వాన ఎంత పడింది అని పరికరాలు చూసి కిందికి కబురు చెయ్యడం. చిక్కల్లా ఒకటే. సగం పరికరాలు క్వార్టర్స్ పక్కన ఉన్నాయి, మిగతావి శిఖరం దగ్గర. మధ్యలో అంతా రాళ్ళబాట. నేను రొప్పుకుంటూ పైకి చేరేసరికి వేళ దాటిపోతోంది. ఇన్‌ఛార్జి గారు మంచివారే. అయినా మొన్న పిలిచి, వేళ తప్పిన వివరాలు ఎవరికీ అక్కరకు రావని, ఇలాగే సాగితే నేను కొండకి పనికిరానని రాసి కిందికి పంపేస్తానని చెప్పారు. మళ్ళీ ఆ ఆఫీసు బల్ల ముందు కూర్చోవడం నావల్ల కాదు వదినా. ఈ పోస్టింగు కోసం ఎంతమందిని బతిమాలుకున్నానో నీకు తెలుసు.

ఆ బాట మీద మోటారు బండికి అటవీశాఖవాళ్ళు ఒప్పుకోరు, సైకిల్ అయితే పర్లేదట. మీ వీధి మలుపులో కళ్ళజోళ్ళ షాపాయన ఒక లావు టైర్ల సైకిల్ అమ్మకానికి పెట్టాడు, వచ్చేముందు చూశాను. ముందు స్ప్రింగు ఉంది, వెనక లేదు. ఇలాంటి వాటిని హార్డ్‌టెయిల్ అంటారట. ఇక్కడ కిందికి కబుర్లు పంపే రేడియో చూసుకునే ఆవిడేమో, చౌకది కొనుక్కుని ఒక్కో భాగమే మంచిది వేసుకుంటూ పొమ్మంటుంది. జీపు డ్రైవరేమో, ఆ భాగాలకి పెట్టే డబ్బుతో అసలు మంచి సైకిలే వస్తుందంటాడు. ఆవిడ చెప్పినప్పుడు అవునవును అనిపిస్తుంది. ఆయన చెప్పినప్పుడూ అలాగే అనిపిస్తుంది. బుర్ర తిరిగిపోతోంది.

నువ్వు సైకిల్ షాపులో పుట్టి పెరిగినదానివి. మీ నాన్నగారు రిమ్ము బెండు తీయడం మీ తమ్ముళ్ళకంటే ముందు నీకే నేర్పారట కదా. ఒక్కసారి వెళ్ళి చూసి, దానికి పెట్టే డబ్బు దండగా కాదా, ముందుముందు దాన్ని బాగుచేసుకునే వీలుందా లేదా రాయి.

ఇంకొకటి. బయల్దేరేరోజు కింద నిలబడి పిలిస్తే నువ్వు మెట్లు దిగి రాలేదు. నా మీద కోపమా?

నీ పిట్ట


ఇంట్లో,
వీధి గదిలోంచి

పిట్టకి,

కోపమేమీ లేదు. ఆ రోజు కాలు బెణికింది. చెబితే బస్సు వదిలేసి పైకొచ్చేస్తావని చెప్పలేదు.

సైకిల్ చూశాను. కొనకు.

పైపైన చూస్తే జాంజామ్మని ఉంది, నిజమే. నల్లరంగు, మీద ఎర్రగీతలు. గీతలకి మోసపోకు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు చౌకరకం స్ప్రింగుది. చేత్తో నొక్కితే దిగుతుంది గానీ మళ్ళీ పైకి రావడానికి బద్ధకం. నిద్ర లేపినట్టు లేపాలి దాన్ని. నీ రాళ్ళబాట మీద అది నీకు చేసే ఉపకారం ఏమీ ఉండదు, బరువు తప్ప. వెనక పళ్ళచక్రాలన్నీ ఒకే ముద్దగా చక్రం మధ్య హబ్బుకి మరతో బిగించే పాతరకం. ఇలాంటి వాటిలో ఇరుసు బలహీనం. గుంటలో దబ్బుమని పడితే వంగుతుంది. డిస్క్ బ్రేకులున్నాయి గానీ తీగతో లాగేవి, ఆ తీగలు కూడా తుప్పు పట్టాయి. పెడళ్ళు ప్లాస్టిక్. గేరు మారిస్తే చైను గొణుగుతుంది.

షాపాయన డాక్టరు ఒళ్ళు తగ్గించమన్నాడని కొన్నాడట. కొన్న వారం తొక్కి, తరవాత తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి వాడాడు. ఒళ్ళు అలాగే ఉంది. సీటు మాత్రం కొత్తదిలా ఉంది.

నేను ఎక్కి చూడలేదు. చెప్పులు బాగాలేవు.

మీ అన్నయ్య కులాసా. నువ్వు గ్లౌజులు వేసుకుంటున్నావో లేదో అడగమన్నారు.

వదిన


క్వార్టర్స్

వదినకి,

సరే, కొననులే. మనసు మాత్రం కొంచెం ఉసూరుమంది. ఆ ఎర్రగీతలు నాకు బాగా నచ్చాయి.

నీ ఉత్తరం రేడియో ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, ఫ్రేము సంగతి మీ వదిన ఒక్క ముక్క రాయలేదే అంది. ఫోర్కూ బ్రేకులూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఫ్రేము బాగుంటేనే మిగతావాటికి ఖర్చుపెట్టాలి, బాగా లేకపోతే అక్కడితో సరి అంటోంది. నిజమేనా? నువ్వు మర్చిపోయేదానివి కాదే. షాపులో నీకు తొందరగా ఉందా?

ఈ వారం మళ్ళీ రెండుసార్లు వేళ తప్పాను. ఇన్‌ఛార్జి గారు ఏమీ అనలేదు. ఆయన తిట్టినా బాగుండు అనిపించింది.

అన్నట్టు, కాగితం అంత పొదుపుగా వాడుతున్నావేమిటి? నీ అక్షరాలు చదవడానికి కళ్ళజోళ్ళ షాపాయన దగ్గరికే నేనూ రావాల్సొచ్చేట్టుంది.

పిట్ట


ఇంట్లో

పిట్టకి,

మీ రేడియో ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పొరపాటు రాశాను. మళ్ళీ చూశాను. చూడటమేమిటి, షాపాయన్ని అడిగి సైకిల్ ఇంటికే తెప్పించాను. ఇప్పుడు వసారాలో గోడకానించి ఉంది.

ఫ్రేము అల్యూమినియంది. అతుకుల దగ్గర వేలితో తడిమి చూశాను, ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. మెడ దగ్గర్నుంచి వెనక ఇరుసుదాకా రెండువైపులా దారం కట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. మా నాన్న అలాగే చూసేవాడు. చౌక కంపెనీవాళ్ళు ఈ ఒక్కచోట ఎందుకు చేతివాటం చూపలేదో తెలియదు గానీ, ఫ్రేము మాత్రం బంగారం. వెనక ఇరుసు కూడా వంగలేదు. చక్రాలు విప్పి పాత గ్రీజంతా తీసి కొత్తది పెట్టాను. ఇప్పుడు ఎత్తి తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది, కాఫీ చల్లారేదాకా.

టైర్లు మార్చాలి. బ్రేకు తీగలు మార్చాలి. ఫోర్కుకి ఇప్పుడే ఖర్చుపెట్టొద్దు.

తొక్కి చూశాను. వీధి చివరిదాకా, మళ్ళీ చుట్టూ తిరిగి. ఒకసారి కాదు. సీటు కిందికి దించాను. పిట్టా, మలుపు తిరిగేటప్పుడు గాలి చెవుల్లో దూరుతుంది చూడు. ఇన్నేళ్ళూ ఆ సంగతే మర్చిపోయాను.

ఇంకా పరీక్షించాల్సినవి ఉన్నాయి. అప్పుడే పంపను.

వదిన


క్వార్టర్స్

వదినకి,

నాకేమీ అర్థం కావడం లేదు. మొదట తుక్కు అన్నావు, ఇప్పుడు బంగారం అంటున్నావు. బంగారమైతే పంపవేం? జీపు డ్రైవరు పైన కట్టుకుని తెస్తానన్నాడు. అంత పరీక్షించడానికి అదేమైనా విమానమా?

తమాషాగా రాస్తున్నాను గానీ ఇక్కడ పరిస్థితి తమాషాగా లేదు. నాకు మెమో ఇచ్చారు. వచ్చే నెల చివర్లో ఇన్‌ఛార్జి గారు నా గురించి పైకి రాయాలట. ఈలోగా వేళకి చేరగలనని చూపించుకోవాలి. బాటలో పైకెక్కేది తక్కువే, అడ్డంగా సాగేదే ఎక్కువ. సైకిల్ ఉంటే చేరగలను. లెక్కవేసుకుని చెబుతున్నాను, ఆశకొద్దీ కాదు.

ఇంకో వింత. అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నా జన్మలో మొదటిది. అందులో ఒకటే వాక్యం: మీ వదినకి సైకిల్ గురించి ఇంక రాయొద్దు. అంతే. క్షేమమా అని కూడా లేదు.

మీ ఇద్దరికీ ఏమైనా గొడవా? నావల్లా? సైకిల్ కొనడం తప్పయితే ఆ మాటే చెప్పు.

పిట్ట


ఇంట్లో

పిట్టకి,

గొడవేమీ లేదు. మీ అన్నయ్య సంగతి పట్టించుకోకు.

ఆ సైకిల్ వద్దులే. ఫ్రేము బాగుందన్నమాట నిజమే, కానీ హ్యాండిలు కిందుండే మెడగొట్టం ఉంది చూడు, అది పైనుంచి కిందిదాకా ఒకే లావు. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కులు కింద లావుగా, పైన సన్నగా ఉంటాయి. అవి దీనికి పట్టవు. అంటే ఎప్పటికీ ఈ చౌక ఫోర్కుతోనో, దొరికితే మరో పాత ఫోర్కుతోనో సరిపెట్టుకోవాలి. చక్రాలదీ అదే బాధ. ఎంత పెట్టినా ఒక హద్దు దాటి బాగుపడదు.

అలాగని పనికిరాదని కాదు. తొక్కేవాళ్ళని బట్టి ఉంటుంది. నీకు పనికిరాదు. నీకు ఇంకా మంచిది కావాలి.

ఏమీ అనుకోకు. వేరేది చూసుకో.

వదిన


క్వార్టర్స్

వదినకి,

ఇది రాయకూడదని రెండు రోజులు ఊరుకున్నాను. ఊరుకోలేకపోయాను.

నాకు తోచింది చెబుతున్నాను. ఆడపిల్ల ఒక్కతీ కొండమీద ఉండటం అన్నయ్యకి మొదట్నుంచీ ఇష్టం లేదు. నాకు సైకిల్ దొరక్కపోతే నేను వేళ తప్పుతాను, వేళ తప్పితే కిందికొచ్చేస్తాను. మీరిద్దరూ కలిసి ఈ పని చేస్తున్నారని మొన్నంతా అనుకున్నాను. బాగా తిట్టుకున్నాను కూడా. నీ ఉత్తరాలన్నీ తీసి మంచం మీద పరిచాను, ఎక్కడ ఏం అబద్ధం రాశావో పట్టుకుందామని.

అప్పుడు కనిపించింది వదినా. మాటలు కాదు, రాత. ప్రతి వరుసా మామూలు అక్షరాలతోనే మొదలవుతోంది. పోనుపోను చిన్నదైపోయి, చివరికొచ్చేసరికి చీమలబారులా ఉంది. మొదటి ఉత్తరంలో కొంచెం, ఈ చివరిదాన్లో మరీను. కాగితం పొదుపైతే మొదటి అక్షరం కూడా చిన్నగానే ఉండాలి కదా. రోజంతా గ్రాఫులు చూసే ఉద్యోగం నాది. ఒక గీత అలా వరసగా దిగిపోతుంటే ఊరికే దిగిపోదు.

రేడియో ఆవిడ నా భుజం మీంచి చూసి, వాళ్ళ పెదనాన్నగారి రాత ఇలాగే అయిపోయిందంది. తరవాత నా మొహం చూసి తన రేడియో వైపు తిరిగిపోయింది.

సైకిల్ మాట వదిలెయ్. నీకు ఏమైందో చెప్పు.

పిట్ట


ఇంట్లో, మంచం మీంచి

పిట్టకి,

నువ్వు అడుగుతావని తెలుసు. అడిగితే ఏం రాయాలో మాత్రం ఆలోచించి పెట్టుకోలేదు.

పార్కిన్సన్ జబ్బు. పోయినేడాది తెలిసింది. ముసలివాళ్ళకొచ్చేదనుకున్నాను. ఈ వయసులో నాకెందుకొచ్చిందో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. చెయ్యి వణకడం తక్కువే, రాతే ఇలా చిన్నదైపోతోంది. నాకు కాళ్ళు అంటుకుపోతాయి. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోతాయి. ఒళ్ళు ముందుకి పోతుంది, పాదాలు రావు. నువ్వు వెళ్ళేరోజు కాలేమీ బెణకలేదు. పై మెట్టు మీదే ఉన్నాను. నీ గొంతు వినిపిస్తోంది, నీ సంచీ అంచు కూడా కనిపిస్తోంది. కాలు లేవలేదు. ఎవరికీ చెప్పొద్దని మీ అన్నయ్య దగ్గర మాట తీసుకున్నది నేనే. ఆయన్నేమీ అనకు.

నువ్వు రాశావని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. ఆ గుమ్మం దగ్గరా అదే గతి. సైకిల్ హ్యాండిలు పట్టుకుని పరీక్షిస్తున్నట్టు నిలబడిపోయాను. షాపాయన పాపం ఎక్కి చూడమని సీటు పట్టుకున్నాడు. వద్దంటే నడిచి ఇంటికెళ్ళాలి, అది చేతకాదు. అందుకని ఎక్కాను. ఒక కాలు పెడలు మీద పెట్టి తొక్కితే రెండోది దానంతటదే పైకొచ్చింది. మళ్ళీ మొదటిది. అలా వీధి చివరిదాకా వెళ్ళిపోయాను పిట్టా. ఒక్కసారి కూడా అంటుకోలేదు. తిరిగొచ్చి దిగాను, దిగగానే మళ్ళీ ఆగిపోయాను. అక్కడి స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. ఆయన కంగారుపడి ధర తగ్గిస్తానన్నాడు. తరవాత ఆ ధరకే కొన్నాను.

నడవలేనిదాన్ని తొక్కగలుగుతున్నాను. ఇదేమిటో నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మని అడిగితే, ఈ జబ్బున్న కొందరికి ఇలా అవుతుందని చెప్పింది. తొక్కితే జబ్బు తగ్గిపోదని కూడా చెప్పింది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రమాదమట, బళ్ళు తిరిగే రోడ్డెక్కొద్దంది. మీ అన్నయ్య ఆ చివరి మాటలే విన్నారు. ఇంటికొచ్చాక, ‘పడితే?’ అన్నారు.

‘నడిచినా పడుతున్నాను కదా’ అన్నాను.

ఆయన లేచి వసారాలోకి వెళ్ళారు. ముందు చక్రం ఊడదీసి అటకమీద పెట్టేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక నీ సైకిల్ సంగతి. అది మొదట నీకోసం చూసినదే. దాని విలువ కట్టి నీకు రాద్దామని కూర్చున్నప్పుడల్లా, నా చేతికి ఇంకో మనసు వచ్చేది. పంపాలంటే మంచిదని రాయాలి, ఉంచుకోవాలంటే చెడ్డదని రాయాలి. ఏది రాసినా అందులో సగం నిజమే ఉంది. అందుకే నాకూ తెలియకుండా పోయింది, అది మంచిదో చెడ్డదో. నీ ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉందని తెలిసీ చేశాను. నువ్వు చెప్పు ఏం చెయ్యమంటావో. చక్రం బిగించి జీపుకి ఎక్కించమంటే ఎక్కిస్తాను.

వదిన


క్వార్టర్స్

వదినకి,

జీపుకి ఎక్కించొద్దు.

నీ ఉత్తరం అందినరోజు పరికరాల దగ్గర కూర్చుని అంకెలన్నీ తప్పు రాశాను. ఏడవడానికి కూడా తీరిక లేని పని ఇది. ఇంతకంటే ఎక్కువ రాస్తే నీకు నచ్చదు, ఆపేస్తున్నాను.

డ్రైవరు ఒకచోట ఇంకో సైకిల్ ఉందంటే వెళ్ళాను. నువ్వు లేకుండా నేనే చూశాను. ఫోర్కు నొక్కాను. వెనక చక్రం ఎత్తి తిప్పాను. అతుకులు వేలితో తడిమాను. దారం లేదు, నా బూటు లేసు విప్పి కట్టాను. అమ్మేవాడు నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఇనప ఫ్రేము, బరువు, రంగు చూస్తే వాంతి వస్తుంది. కానీ లైను తప్పలేదు. మెడగొట్టం మాత్రం నువ్వు చెప్పిన మంచి రకమో కాదో తేల్చుకోలేక, పోనీలెమ్మని కొనేశాను. మొదటిరోజు పైకి తోసుకుంటూనే వెళ్ళాను. మూడోరోజు వేళకి ముందే శిఖరం దగ్గరున్నాను. ఇన్‌ఛార్జి గారు తన గడియారం చూసుకున్నారు, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు కూడా. ఆయన పైకి ఏం రాస్తారో ఇంకా తెలియదు. ఇదివరకటి ఆలస్యాలు చెరిగిపోవు కదా.

నీ సైకిల్‌కి ఏం మార్చాలో నేను చెబుతాను, తప్పయితే తిట్టు. ఫోర్కు జోలికి పోవద్దు. నువ్వేమీ కొండలు దూకవు. నీ కాళ్ళు రెండూ నేలకి ఆనేంత చిన్న ఫ్రేమేనా అది? కాకపోతే సీటు ఇంకా దించు. పెడళ్ళు వెడల్పువి, పాదం జారనివి వేయించు. బ్రేకు వేలితో తాకితే పట్టేటట్టుండాలి, గట్టిగా నొక్కే పని పెట్టొద్దు.

అన్నయ్యకి విడిగా రాయడం లేదు. ఈ ఉత్తరం ఆయనకివ్వు. అన్నయ్యా, నువ్వు వదినతో డాక్టరమ్మ దగ్గరికెళ్ళు. ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి, ఎక్కడ తొక్కొచ్చు, నీకున్న భయాలన్నీ ఆవిడనే అడుగు. చక్రాన్ని అటకమీద పెడితే నీ భయం తగ్గిందా?

పిట్ట


ఇంట్లో

పిట్టకి,

నీ ఉత్తరం ఆయనకిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. చదివారు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. మీ అన్నయ్య అన్ని ప్రశ్నలు అడగగలరని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలియదు. ఆవిడ టీ చల్లారిపోయింది. చివరికి, ఎంతకాలం ఇలా తొక్కగలదు అని అడిగారు. తెలియదని చెప్పింది. ఇంటికి రాగానే నిచ్చెన తెచ్చి చక్రం దించారు.

బిగించడం నేనే బిగించాను. నా చెయ్యి వణికితే ఆయన ఫోర్కు పట్టుకున్నారు. వెడల్పు పెడళ్ళు షాపాయన తెచ్చిపెట్టాడు. ఆయనకి దీంతో ఇంకా ఏం సంబంధమో తెలియదు గానీ, వదలడం లేదు.

ఆదివారం స్కూలు ఆటస్థలానికి వెళ్ళాం. మీ అన్నయ్య సీటు పట్టుకుని ఎక్కించారు. కాసేపు పక్కనే పరుగెత్తారు. తరవాత అందుకోలేకపోయారు. నేను చుట్టూ తిరుగుతున్నాను. ఎంత బాగుందో రాయడం నాకు చేతకాదు. ఇంతలో ఆయన ఆగమని కేకేశారు. ఆగితే దిగాలి, దిగితే కాళ్ళు ఏం చేస్తాయో తెలియదు. ఎక్కిన హుషారులో ఆ సంగతే ఇద్దరం మర్చిపోయాం. డాక్టరమ్మ చెప్పిన పద్ధతంతా ఆయన బుర్రలోంచి ఎగిరిపోయింది.

‘ఎలా ఆగాలో తెలిస్తే ఆగనా?’ అన్నాను, ఆయన ముందునుంచి వెళ్ళిపోతూ.

ఇంకో చుట్టు తిరిగాను. మరొకటి. షాపాయన కూడా వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఏదో సలహా చెబుతున్నారు, ఒకరు కుడి అంటే ఒకరు ఎడమ అంటున్నారు. నాకు నవ్వొచ్చి హ్యాండిలు అటూ ఇటూ పోయింది. చివరికి మీ అన్నయ్య దారికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. నేను మెల్లిగా వెళ్ళి నేరుగా ఆయన్ని గుద్దేశాను. ముగ్గురం పడ్డాం, సైకిల్‌తో కలిపి. ఆయన మోచెయ్యి గీసుకుపోయింది. లేచి ముందు నన్ను చూశారు, తరవాత సైకిల్‌ని చూశారు. అప్పుడు అడిగారు, ‘దీనికి ఇంకేం మార్చాలి?’ అని.

నీ ఇనప సైకిల్ మెడగొట్టం పైనా కిందా దారంతో చుట్టుకొలత చూసి రాయి, ఏ రకమో నేను చెబుతాను. ఇన్‌ఛార్జి గారు ఏం రాశారో తెలిసిన వెంటనే చెప్పు. కిందికి పంపించేసినా, ఆ సైకిల్ మాత్రం అమ్మకు.

మీ అన్నయ్య నిన్న బూట్లు కొనుక్కొచ్చారు, పరుగెత్తేవాళ్ళు వేసుకునేవి. పెట్టెలోంచి తీసి, లేసులు కట్టుకుని, నేనిది రాస్తున్నంతసేపూ ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తున్నారు.

వదిన